ఆ పాట తీసెయ్యను

చెల్లీ,

నీ ఉత్తరం చూశాను. అరవై దాటాక ఇంటి సంగతి రచ్చకెక్కించొద్దనీ, కేసు వెనక్కి తీసుకోమనీ, కొత్త ఆల్బమ్‌లోంచి ఆ పాట తీసేయించమనీ రాశావు. దవడ కదలకుండా తీగలు వేసి కట్టారు, ఫోన్లో మాట్లాడలేను కాబట్టి రాస్తున్నాను.

ఇన్నేళ్ళు రాక్ పాటలు పాడాను గానీ, ఇంట్లో నేను తిన్న దెబ్బల మీద పాట కట్టడం ఇదే మొదలు. స్టూడియోలో స్టూలు మీద కూర్చుని చివరి చరణం పాడుతుంటే మీ బావ తలుపు తోసుకొచ్చాడు. "నన్ను అందరి ముందూ నిలబెడతావా?" అని అరుస్తూ మైకు స్టాండెత్తి మొహం మీద కొట్టాడు. పళ్ళు ఊడి నా ఒళ్ళో పడ్డాయి. కింద పడ్డాక కూడా వదల్లేదు, మెడ మీద తొక్కాడు. మా డ్రమ్మర్ వెనకనించి పట్టుకుని గోడకేసి అదిమితే గానీ ఆగలేదు. ఇదంతా జరుగుతున్నంతసేపూ రికార్డింగ్ నడుస్తూనే ఉంది.

నయమయ్యాక ఆ చరణం మళ్ళీ పాడమంటున్నారు స్టూడియోవాళ్ళు. పాడను, ఉన్నదున్నట్టే విడుదల చెయ్యమన్నాను. అందులో నా గొంతు సగంలో ఆగిపోతుంది, తర్వాత ఇంకో గొంతు వినిపిస్తుంది. అదెవరిదని నీ పిల్లలు అడిగితే, పెదనాన్నదని చెప్పు.

మీ అక్క