మూడో రౌండులో విరిగిన గేరు

పెద్దమ్మాయి ఇంటి నుంచి,
మార్చి 9, ఆదివారం

చిరంజీవి చిన్నల్లుడుగారికి మామ దీవించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. అక్కడ కూడా మీ రిమోట్ కారులో గేర్లు తప్ప అందరూ కులాసాగానే ఉన్నారని చిన్నమ్మాయి ఫోనులో చెప్పింది. నేను వచ్చేసిన ఈ రెండు నెలల్లో నాలుగు సెట్లు అరిగిపోయాయట. ఆయన అడగలేరు నాన్నా, మీరే ఒక ముక్క రాసి పడెయ్యండి అంది. ఎందుకు అడగలేరో నాకూ తెలుసు, దానికీ తెలుసు.

సరే, రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు కార్ఖానాలో గేర్ల పళ్ళు కోసినవాణ్ణి. అయినా మీ కారును బొమ్మ అని ఏనాడూ చిన్నచూపు చూడలేదు. మోటారు గేరును పెద్ద గేరుకు మరీ ఆనించకండి. రెండింటి పళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి, మోటారు స్క్రూలు బిగించి, కాగితం లాగెయ్యండి. దాని మీద మడతలు పడాలి గానీ చిరగకూడదు. బిగుతైతే వేడెక్కి అరుగుతాయి, వదులైతే పళ్ళు రాలతాయి. మట్టిలో తిప్పిన ప్రతిసారీ విప్పి తుడవండి. వేలితో తిప్పినప్పుడు గరగరమనే బేరింగును పారెయ్యండి, జాలిపడకండి. కారు ఎగిరినప్పుడు గాల్లో ఉండగానే రిమోట్ మీది ట్రిగ్గర్ వదలండి. గిర్రున తిరిగే చక్రాలు నేలకు తగిలితే ఆ దెబ్బంతా గేర్లకే. ఇది నాలుగేళ్ళు చెప్పాను, మీరు నాలుగేళ్ళు తలూపారు.

జనవరిలో మీ కార్ల క్లబ్బు పోటీ ఫైనల్ సంగతి కూడా రాయనివ్వండి. మూడో రౌండులో గేరు పళ్ళు ఊడి కారు ట్రాకు నడిమధ్య చతికిలబడగానే, మీరు రిమోట్ బల్ల మీద పడేసి, క్లబ్బు వాళ్ళందరి ముందు, ముసలాయన చేతులు వణుకుతున్నాయి, ఈయనకి కారు అప్పగించినందుకు నాకే బుద్ధి లేదు అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అల్లుడికి నలుగురిలో ఎదురు చెప్పకూడదని పెరిగినవాణ్ణి. ఆ మర్యాద మీకు పనికొచ్చింది, నాకు పనికిరాలేదు. అమ్మాయి ముఖం చూసి పనిముట్లు సర్దుకున్నాను. మర్నాడు బట్టలు సర్దుకున్నాను. గాలి మార్పు కోసం వెళ్ళారని పక్కింటివాళ్ళకు చెప్పారట. నా మనసు విరిగి వచ్చాను, దాచడం దేనికి?

వచ్చే నెల మళ్ళీ పోటీ ఉందనీ, ఒక్కసారి వచ్చి కారు చూసి పొమ్మనీ అమ్మాయి బతిమాలింది. రాను. అందుకు దాన్ని మాత్రం ఏమీ అనకండి.

ఇట్లు,
మీ మామ

తా.క.: ఇది అమ్మాయికి కూడా తెలియదు. మీ చెయ్యి ఎంత దురుసో మొదటి రోజే చూసి, మోటారుకు కరెంటు వదిలే స్పీడ్ కంట్రోలర్‌ను నూటికి డెబ్బై దగ్గర ఆపేశాను. మీ బీరువా మీద ఉన్న ఆరు కప్పులూ ఆ డెబ్బైతో గెలిచినవే. ఫైనల్ రోజు పొద్దున, మా అల్లుడు చెయ్యి తిరిగినవాడయ్యాడు, ఇంకా పట్టి ఉంచడం తప్పు అనుకుని నూరూ వదిలాను. ఇప్పుడూ నూరు మీదే ఉంది, ఇష్టమైతే తగ్గించుకోండి. ఆ రోజే ఈ మాట చెబితే అందరి ముందు మీ పరువు పోయేది. నా చేతులు వణకలేదు అల్లుడుగారూ. మిమ్మల్ని నమ్మాను, అంతే.