అంకుల్ బాగుందంటే

11 జూన్ 2023, ఆదివారం

చరిత కాన్వొకేషన్ గురువారమే అయిపోయింది. నా సంతోషం మాత్రం ఇంకా దిగలేదు, జ్వరంలాగా పట్టుకుని ఉంది. కొండ మీద యూనివర్సిటీ. జూన్ నెలలోనూ మబ్బులు మనుషుల మధ్యనే తిరుగుతున్నాయి. నా బిడ్డ నల్ల గౌను వేసుకుని, నెత్తి మీద పలకలాంటి టోపీ పెట్టుకుని నడిచి వచ్చింది. ఏడో తరగతి దాకా చదివి, సిరిసిల్లలో సాంచాల మీద గుడ్డ నేసి బతికినవాణ్ణి, అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. చరితకే కాదు, తరువాత వచ్చిన ప్రతి ఒక్కరికీ కొట్టాను. వీళ్లంతా నీ పిల్లలేనా అని నా భార్య సరోజన గిల్లింది.

చరిత ఇక్కడ కెనడాలో, బర్నబీ అనే ఊళ్లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటోంది. తోడు ఇంకో ఇద్దరు స్టూడెంట్లు. రేవంత్‌ది హనుమకొండ. పొద్దున కాలేజీ, సాయంత్రం పిజ్జా డెలివరీ. వర్షది భీమవరం. గ్రోసరీ స్టోర్‌లో బిల్లింగ్ చేస్తుంది. మేము వచ్చామని రేవంత్ తన గది మాకిచ్చి హాల్లో పరుపు వేసుకున్నాడు. ఎంత మంచి పిల్లలు. ఎంత మంచి దేశం.

14 జూన్, పొద్దున

మంగళవారం ఇక్కడ సినిమా టికెట్ సగం రేటట. నిన్న అందరం కలిసి కొత్త తెలుగు సినిమాకు పోయాం. అన్నదమ్ముల కథ. అయిపోయాక టిమ్స్ అనే కాఫీ హోటల్లో కూర్చుని కాఫీ తాగుతూ ఒక్కొక్కరు సినిమా ఎలా ఉందో చెప్పాలి. అది వీళ్ల పద్ధతి.

రేవంత్ మొదలుపెట్టాడు. ఫస్టాఫ్ ల్యాగ్, సెకండాఫ్ టార్చర్, మధ్యల సమోస ఒక్కటే మంచిగున్నది అన్నాడు. వర్ష, హీరో విగ్గు చూశారా అండీ, కాకి కూడా అద్దెకి దిగదు దాంట్లో అంది. చరిత లైటింగ్ ఫ్లాట్‌గా ఉందని ఊరుకుంది. నా వంతు వచ్చింది. చాలా బాగుందన్నాను. ఏం బాగున్నది అంకుల్ అని రేవంత్ ఫోను నా ముఖం ముందు పెట్టాడు. తడి కట్టెలతో పొయ్యి అంటిస్తూ ఆ తల్లి కళ్లు తుడుచుకుంటుంది, పొగకో ఏడుపుకో తెలియనివ్వలేదు, ఎవరో గానీ ఆమెకు దండం పెట్టాలి అన్నాను. తమ్ముడు తన చెప్పు తెగితే చేతిలో పట్టుకుని నడిచి వస్తాడు, అదీ బాగుంది. ఆఖరున పడ్డ పేర్లు ఎన్నో, అంతమంది కష్టపడ్డారు కదా, అదీ బాగుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

28 జూన్

దయ్యం సినిమా. చాలా బాగుంది. సరోజన మొదటి పాటకే నిద్రపోయింది. ఆంటీని లేపడం దయ్యం వల్ల కూడా కాలేదండీ అని వర్ష అంది. రేవంత్ మళ్లీ నా మాటలు ఫోనులో తీసుకున్నాడు.

5 జూలై

నిన్నటి సినిమా అన్నిటికంటే బాగుంది.

16 జూలై, ఆదివారం, రాత్రి

ఇండియన్ స్టోర్‌లో మునక్కాయలు ఏరుతుంటే ఒకాయన వచ్చి చెయ్యి కలిపాడు. విశ్వేశ్వరరావు గారట, అమెరికా నుంచి ఇటు మారిన సాఫ్ట్‌వేర్ ఆయన. మీ వల్ల మాకు ఎంత మేలు జరుగుతోందో తెలుసా అంకుల్, మీరు బాగుందన్నారని చూసి మేము టికెట్లు క్యాన్సిల్ చేసుకుంటున్నాం అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఫోనులో చూపించాడు. నేనే. అన్ని సినిమాలకూ నేనే. కింద ‘అంకుల్ బాగుందంటే...’ అని రాసి, ఆ పక్కన దండ వేసిన సినిమా పోస్టర్. నేను మెచ్చుకున్న ప్రతి సినిమా వారం తిరగకుండా పోయిందట. వాంకూవర్ తెలుగువాళ్లంతా నా వీడియో చూసి, ఏది చూడొద్దో తెలుసుకుంటున్నారట.

ఆయన ముందు నవ్వాను. మునక్కాయలు అక్కడే మరిచిపోయి వచ్చాను.

సరోజనకు ముందే తెలుసు. నీ నోరు మంచిది గాదని పెండ్లినాడే మా అమ్మ చెప్పింది అని అంది. రేవంత్ సాయంత్రం వచ్చి, సరదాకు పెట్టిన అంకుల్, మనసుల పెట్టుకోకుండ్రి, తీసేస్త అన్నాడు. ఎందుకయ్యా తీయడం, ఉండనీ, నలుగురూ నవ్వుతున్నారు కదా అన్నాను. నిజంగానే అన్నాను. కానీ ఆ సినిమాలు తీసినవాళ్లు గుర్తొచ్చి అన్నం సయించలేదు.

23 జూలై, ఆదివారం

నా కూతురు సినిమా తీసింది.

చదువుకుంటోంది, పార్ట్‌టైమ్ చేసుకుంటోంది అనుకున్నాం. రెండేళ్లుగా శనివారాలు, ఆదివారాలు ఇదే పనట. కెమెరా రేవంత్. హీరోయిన్ వర్ష. ఇక్కడి స్కైట్రైన్‌లో, ఈ బేస్‌మెంట్‌లో, బస్‌స్టాపుల్లో తీశారు. పేరు ‘ఇనబడుతుందా’. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన ఒక పిల్ల కథ అని మాత్రం చెప్పింది. మిగతాది తెర మీద చూడు బాపూ అంది. సరోజన ముందు తిట్టింది, తరువాత బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. నేను ఇల్లంతా తిరిగాను. తిరగడానికి అంత ఇల్లు లేదు, అయినా తిరిగాను.

థియేటర్ ఆయన ఆగస్టు 20, ఆదివారం పొద్దున ఒక్క షో ఇచ్చాడు. బాగుందని టాక్ వస్తే సెప్టెంబర్‌లో ఇంకో షో ఇస్తాడు, కాల్గరీలో కూడా వేయిస్తాడు. రాకపోతే అంతే. చరితకు రెజైనాలో ఒక బ్యాంకు జాబ్ ఆఫర్ ఉంది, సెప్టెంబర్ నెలాఖరులోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఇది ఆడితే ఇంకోటి తీస్త బాపూ, లేకుంటే రెజైనా పోయి బ్యాంకుల కూసుంట, మల్ల సినిమా మాట ఎత్తను అంది. ఎంత నెమ్మదిగా అందో. చిన్నప్పుడు జ్వరమొచ్చినా అట్లనే చెప్పేది.

19 ఆగస్టు, శనివారం

ఎక్కడో అడవులు తగలబడుతున్నాయట, ఊరంతా పొగ. రేపే షో.

మధ్యాహ్నం అన్నాల దగ్గర రేవంత్, రేపు అంకుల్‌ని గదిల పెట్టి తాళమేద్దామా అన్నాడు. అందరం నవ్వాం. చరిత కూడా నవ్వింది. నవ్వి, నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నేను చూశాను.

తరువాత సరోజన నన్ను వంటింట్లోకి పిలిచింది. లోకంల ఎవరి దిష్టయినా ఉప్పు తీసేస్తే పోతది, కన్నోళ్ల దిష్టి పోదు, రేపు నీ నోట్లకెళ్లి బాగున్నది అన్న మాట రావొద్దు, వచ్చిందా నేను సిరిసిల్ల పోత అంది. నాకు నవ్వు రాలేదు. ఆమె చెప్పేది నిజమే. మా ఇళ్లలో చంటిపిల్ల బొద్దుగా ఉంటే, తల్లే ముందుగా ఏం పిల్లో, ఎండిపోయింది అంటుంది. మెచ్చుకోవడం పరాయివాళ్ల పని.

20 ఆగస్టు, ఆదివారం, రెండు గంటలు

హాలు ముక్కాలు భాగం నిండింది. ‘చరిత కొమరయ్య’ అని తెర మీద పడింది. నా పేరు అంత పెద్దగా ఎక్కడా పడలేదు, రేషన్ కార్డు మీద కూడా.

కథ ఇది. వర్ష వేసిన పిల్ల ప్రతి ఆదివారం తండ్రికి ఫోను చేస్తుంది. ఒక ఆదివారం వానలో బస్‌స్టాపులో కూర్చుని చేసింది. సబ్జెక్టు ఫెయిలయింది. ఒంట్లో బాగలేదు. చెప్పాలని నోరు తెరుస్తుంది. తండ్రి చెప్పనివ్వడు. ఇక్కడ వాన పడుతుంది నాయినా అంటే వాన మంచిదే బిడ్డా అంటాడు. నిద్ర లేదంటే కష్టపడి చదువుతున్నవ్, చాలా బాగుంది అంటాడు. ఏది చెప్పినా బాగుంది, చాలా బాగుంది, నా బంగారు తల్లీ అంటాడు. కాసేపటికి ఆ పిల్ల ఫోను బెంచీ మీద పెట్టేసి దూరంగా జరిగి ఏడుస్తుంది. ఫోనులోంచి తండ్రి సంతోషం వినపడుతూనే ఉంటుంది. కెమెరా కదలదు. మాటలు ఆగవు. బస్సు వచ్చి పోతుంది.

గొంతు ఎవరిదో సర్రేలో ఉండే పెద్దాయనదట. మాటలు నావి. ఒక్కటీ పొల్లుపోకుండా నావి. నా బిడ్డ ఫెయిలయిందనీ, పడకేసిందనీ నాకు తెర మీద తెలిసింది. సరోజన నా చేయి పట్టుకుంది. ఈసారి ఆమె నిద్రపోలేదు.

నేను ఇంతదాకా చూసిన సినిమాలన్నీ ఒక ఎత్తు. అంతకంటే రాయడం నాకు రాదు.

బయటికి వచ్చాక రేవంత్ ఫోను ఎత్తాడు. జనం మూగారు. విశ్వేశ్వరరావు గారు కూడా ఉన్నారు. చెప్పండంకుల్ ఎట్లున్నది అన్నాడు రేవంత్. సరోజన నా కాలు తొక్కింది. వెనక చరిత నిలబడి ఉంది.

బాగలేదు అన్నాను.

ఈలలు, కేకలు. అంకుల్ బాగలేదన్నడు, ఇంక హిట్టే అని రేవంత్ ఎగిరాడు. వర్ష నా కాళ్లకు దండం పెట్టింది. చరిత ఎగరలేదు.

అదే రోజు, ఆరు గంటలు

బట్టలు మడత పెడుతుంటే చరిత వచ్చి కూర్చుంది. ఏం బాగలేదు బాపూ, ఇన్నేండ్లల నువ్వు ఒక్కదాన్నీ బాగలేదనలే, చెప్పు, నేను ఏమనుకోను అంది. ఏదో ఒకటి చెప్పాలి. నా తలలో ఆ సీను తప్ప వేరేది లేదు. ఆ ఫోను సీను జర ఎక్కువైంది అన్నాను.

అది ఒక చొక్కా తీసుకుని గుండీలన్నీ పెట్టింది. నిన్ను చూసే తీసిన, నీకు బాధైతదని ఆలోచించలే బాపూ అంది. బాధేం కాలేదు అనాలి. కాలేదంటే బాగుందన్నట్టే. గుమ్మంలో సరోజన నిలబడి ఉంది. నేను చొక్కా మడత పెట్టాను.

27 ఆగస్టు

నా వీడియో ఎడ్మంటన్ దాకా పోయిందట. అంకుల్ మొదటిసారి బాగలేదన్న సినిమా అని అందరూ చూస్తామంటున్నారు. చూసినవాళ్లు నిజంగానే మెచ్చుకుంటున్నారు. థియేటర్ ఆయన సెప్టెంబర్ 10కి షో ఇచ్చాడు. కాల్గరీ కూడా ఖాయం. రేవంత్ అందరికీ పిజ్జా తెచ్చాడు. చరిత నవ్వుతోంది. నా పళ్లెంలో పెద్ద ముక్క వేసింది. ఎంత సంతోషమో.

ఆ సీను కట్ చేస్తున్నానని చెప్పింది.

29 ఆగస్టు, పొద్దున

సరోజన వద్దన్నా వినలేదు. చరితతో చెప్పేశాను. ఉత్తగనే అన్న బిడ్డా, దిష్టి తగులుతదని అన్న, ఆ సీనే అన్నిటికంటే బాగుంది, దాన్ని ముట్టుకోకు అన్నాను. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నువ్వు అన్నిటికీ అదే అంటవ్ గద బాపూ, ఒక్కసారి నిజం చెప్పినవ్, మల్ల నాకోసం మార్చకు అంది.

నిజంగా బాగుందన్నాను. నవ్వింది. ఒట్టేశాను. వాన కూడా మంచిదే కదా బాపూ అని ల్యాప్‌టాప్ వైపు తిరిగింది.

రేవంత్‌ను పిలిచి, నువ్వన్నా చెప్పయ్యా అన్నాను. సినిమా ఇప్పుడు క్రిస్ప్‌గున్నది అంకుల్ అన్నాడు.

3 సెప్టెంబర్

తీసేసింది. ఎక్కడ ఉండేదో చూపించింది. గుర్తు పట్టలేకపోయాను.

10 సెప్టెంబర్, ఆదివారం, మధ్యాహ్నం

హాలు నిండింది. వెనక నిలబడి కూడా చూశారు. పిల్ల బస్‌స్టాపుకు వచ్చింది, బస్సు వచ్చింది, ఎక్కి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెజైనా వాళ్లకు రానని మెయిల్ పెట్టిందట. ఇంకో కథ రాసుకుంటోందట.

కారులో, ఇప్పుడెట్లున్నది బాపూ అని అడిగింది.

బాగుందన్నాను. నమ్మింది.