రాక్షసుడికి ఓదార్పు

తమ్ముడూ,

"ఆ రాక్షసుడి బొమ్మల పుస్తకం పిల్లకు చూపించకక్కా, జడుసుకుంటుంది" అని రాశావు. జడుసుకునేది ఎవరో నాకు తెలియదా? చిన్నప్పుడు ఆ పేజీ రాగానే నా వీపు వెనక దాక్కున్నది ఎవరు నాయనా?

నీ కూతురికి నీ పోలిక రాలేదులే. ఆపరేషన్ కోసం మరదలిని ఆసుపత్రిలో చేర్చి, పిల్లను నా దగ్గర వదిలి వెళ్ళావు కదా, అప్పటినుంచి దానికి సరిగ్గా నిద్ర లేదు. "అమ్మ వచ్చేస్తుందిలే" అని నేనెంత చెప్పినా మొహం గోడవైపు తిప్పుకునేది. నిన్న మధ్యాహ్నం ఇంకేమీ తోచక ఆ పుస్తకం తీశాను. రాకుమారి, ఎగిరే గుర్రం, మాయాదీపం, ఏదీ ఈ బుల్లి అమ్మగారి కంటికి ఆనలేదు. గుహలో ఒంటరిగా కూర్చున్న రాక్షసుడి మీద మాత్రం వేలు పెట్టి, పేజీ తిప్పనివ్వలేదు.

"అత్తా, వీళ్ళమ్మ ఏది?"

కథలో లేనిది నేనెక్కడినుంచి తేను? "ఊరెళ్ళింది" అన్నాను.

వాడి కోరలు నిమురుతూ, "ఏడవకురా, అమ్మ వచ్చేస్తుందిలే. మా అత్త చెప్పింది" అంది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే, ఆ బొమ్మ మీదే చెంప ఆనించి హాయిగా నిద్రపోయింది. నా మాట ఎప్పుడో నమ్మింది గడుగ్గాయి, నాకు చెప్పలేదంతే!

ఈ సంగతి మరదలికి చెప్పు. కుట్లు ఇంకా మానలేదు కాబట్టి మరీ నవ్వించకుండా చెప్పు. ఏడిపించకుండా కూడా.

నీ అక్క