బావ నొక్కిన రెండో బటను

బావమరిదికి,

మీ అక్క, నేను కులాసా. నా ఫొటో స్టూడియోలో కంప్యూటరు మాత్రం కులాసాగా లేదు. పొద్దున్నే తెర మీద రెండు బటన్లు పెట్టుకుని కూర్చుంది. ఒకటి అప్‌డేట్, రెండోది అప్‌గ్రేడ్. రెండూ ఒకటేనా? పళ్ల డాక్టరుగారి అమ్మాయి పెళ్లి ఆల్బం ఇప్పటికే ఆలస్యమైంది. తొందరగా రాయి.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఫోన్ చెయ్యకు. అది కూడా అప్‌డేట్ అడుగుతోంది. భయమేసి బీరువాలో బట్టల కింద దాచాను.

*

బావకు నమస్కారం.

ఒకటి కావు. అప్‌డేట్ అంటే ఉన్న చొక్కాకి ఊడిన గుండీ కుట్టించుకోవడం. అప్‌గ్రేడ్ అంటే ఆ చొక్కా విప్పేసి కొత్తది తొడుక్కోవడం. కొత్తదానికి నీ పాత ప్రోగ్రాములు నప్పకపోవచ్చు. మొహాల మీద ముడతలు చెరపడానికి నువ్వు వాడేది నా పెళ్లికి ముందెప్పుడో నేను వేసిచ్చిన ముసలి ప్రోగ్రాం. బుద్ధిగా అప్‌డేట్ నొక్కు. రెండోదాని జోలికి పోకు.

నీ బావమరిది

తా.క.: ముందు ఫొటోలన్నీ ఇంకోచోట కాపీ చేసి పెట్టుకో.

*

ఒరేయ్ బావమరిదీ,

ఇంత వయసొచ్చాక గుండీలు కుట్టించుకునే ఖర్మేమిట్రా నాకు? పైగా కంపెనీవాడు కొత్త చొక్కా ఊరికే ఇస్తానంటున్నాడు. రెండోదే నొక్కాను.

మధ్యాహ్నం దాకా చక్రం తిరిగింది. ఆ తర్వాత కంప్యూటరు కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతూ లేచింది. ముడతల ప్రోగ్రాం తెరవబోతే మాత్రం, అదెవరో తనకి తెలియదంటోంది! పెళ్లికొచ్చిన వాళ్లందరి ముడతలూ, మచ్చలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టరుగారికైతే ముక్కులో వెంట్రుకలు కూడా. ఈ ఆల్బం తిప్పి పంపారంటే ఇక నా గడప ఎవరూ తొక్కరు.

కంగారులో,
నీ బావ

తా.క.: ఫొటోల సంగతి బెంగపడకు. ఇంకోచోటే పెట్టాను. కంప్యూటర్ని పక్కగదిలోకి జరిపాను.

*

బావా,

నీకో దణ్ణం. ఇంకేదీ ముట్టుకోకు. పాతదానికి వెనక్కి వెళ్లే వీలు కొన్నాళ్లు ఉంటుంది, గడువు దాటితే పోతుంది. సెలవు దొరకగానే నేనే బయల్దేరి వస్తాను. ఈలోగా ఆల్బం ప్రింటు తియ్యకు.

నీ బావమరిది

తా.క.: అక్కకి చెప్పకు. నొక్కింది నువ్వైనా తిట్లు నాకే పడతాయి.

*

ప్రియమైన బావమరిదికి,

రావొద్దు. నీ ఉత్తరం అందేలోపే ప్రింటు తీసి ఇచ్చేశాను.

డాక్టరుగారు రెండు పేజీలు తిప్పి, "ఇది పెళ్లి ఆల్బమా, నా రోగుల జాబితానా?" అని మీదికి లేచారు. ఇంతలో వాళ్లమ్మగారు ఆల్బం లాక్కుని ఒక ఫొటో దగ్గర ఆగిపోయారు. ఆవిడా, ఆవిడ చెల్లెలూ ఏదో గుసగుసలాడుకుని పగలబడి నవ్వుతున్న ఫొటో అది. ఈ పెళ్లైన నెలకే ఆ చెల్లెలు పోయిందట.

"నవ్వితే దాని కళ్ల పక్కన ఇన్ని గీతలు పడేవి. నువ్వు ఇదివరకు తీసిచ్చిన ఫొటోల్లో ఒక్క గీతా లేదు. ఇదిగో, ఇప్పుడు అది అచ్చం దానిలాగే ఉంది నాయనా" అని నా చెయ్యి పట్టుకున్నారు. డాక్టరుగారు ముక్కు తుడుచుకుని, ఇంకో కాపీ కావాలన్నారు.

అప్పట్నుంచీ "మా పెద్దవాళ్లని ఉన్నదున్నట్టు తియ్యి" అంటూ జనం వస్తూనే ఉన్నారు. ఇక వెనక్కి వెళ్లే ప్రసక్తే లేదు.

సంతోషంతో,
నీ బావ

తా.క.: కవరు అంటించబోతుంటే మీ అక్క కూడా ముచ్చటపడి ఫొటో తీయించుకుంది. ఇప్పుడే చూసుకుంది. మొదటి బస్సుకే బయల్దేరు.