జీలుగుపుట్టు కిందికి దిగదు

ఇంజనీరు గారికి,

జీలుగుపుట్టు కొండ మీద నుంచి ప్రభువు పేరిట వందనాలు. నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. బైబిలులోనే అక్షరాలు నేర్చుకుని, ఇక్కడ వాక్యం చెబుతున్నాను.

మొన్న మీరు వాగు దగ్గరే ఆగిపోయి, "వంద మంది లేని ఊరికి రోడ్డు రాదు. కిందికి దిగి కాలనీలో ఉండండి" అన్నారు. మా బుల్లమ్మ, "మరి మా కాపీ తోటలో సెట్లు కూడా దిగొత్తాయేటి బాబూ?" అని అడిగితే మీకు నవ్వొచ్చింది. పోయినేడు ఆమె కోడల్ని పురిటికి డోలీలో కిందికి మోసుకెళ్తుంటే, ఆ వాగు ఒడ్డునే బిడ్డ పోయాడు.

మా ఇళ్లు విసిరేసినట్టు ఉన్నాయన్నారు. ఈ రాతి కొండలో రాగులు పండేంత మట్టి ఎక్కడుంటే అక్కడే ఇల్లు కట్టుకున్నామండీ.

ఆదికాండం తెరిచి చూడండి. సొదొమ కోసం అబ్రాహాము దేవుడితో బేరమాడాడు. యాభై మంది మంచివాళ్ల దగ్గర మొదలుపెట్టి పది మందికి దించాడు. అంత పాపిష్టి ఊరి కోసం దేవుడే పదికి ఒప్పుకున్నాడు. మేం నలభై ముగ్గురం ఉన్నాం. మీరు మాత్రం వంద దగ్గర నుంచి దిగరా? ఆయన కన్నా పెద్దవారా?

మేం దిగం. సోమవారం నుంచి గునపాలు పట్టుకుని వాగు దగ్గర నుంచి పైకి రోడ్డు మేమే తవ్వుతాం. అనుమతి లేకుండా తవ్వితే కేసు పెడతారని మీ గుమాస్తా కబురంపాడు. పెట్టండి. నోటీసు ఇవ్వడానికి మాత్రం మీరే రండి. ఈ కొండ ఎలా ఎక్కాలో అప్పుడు మీ కాళ్లకే తెలుస్తుంది.

ఇట్లు,
జీలుగుపుట్టులో వాక్యం చెప్పేవాడు