బూడిదలో ఐదు వేళ్లు

డిసెంబరు 4, 1987

జైనూరు దాటి నాలుగో ఊరు. బిజ్జు అనే చిన్న అడవి జంతువు అడుగులు పడతాయని ఊరి శ్మశానం, ఇక్కడి మాటలో బొందలగడ్డ, చుట్టూ పొద్దున్నే బూడిద జల్లెడ పట్టాను. ఫారెస్టు వాచరు పోశన్న ఒకటే నవ్వు.

"గింత సదివి బొందలకాడ ముగ్గేస్తున్నవా బిడ్డా? మీ బాపుకు ఎరికేనా?"

ఎరిక లేదు. పెద్దపల్లిలో బాపు నేనింకా కాలేజీ లైబ్రరీలో ఉన్నాననే అనుకుంటున్నాడు.

డిసెంబరు 5

పడ్డాయి! ఐదు వేళ్లు, ముందు పొడుగాటి గోళ్ల గీతలు. బొందల మధ్య నుంచే నడిచి, చెదపుట్ట తవ్వుకుని, వెళ్లిపోయింది. పైన పేర్చిన రాళ్లు, జంతువులు తవ్వకుండా కప్పిన రేగుకంప — ఏదీ కదల్లేదు.

వీపు తెల్లన, పొట్ట నల్లన... కుక్కంత లేదు. శవాలు తవ్వుతుందని ఊరూరా కొట్టి చంపుతున్నారు. తవ్వదని రుజువు కావాలి. అందుకే వచ్చాను.

డిసెంబరు 7

బొరియలో పొగ పెట్టి చంపుతారట. పది రోజులు ఆగమన్నాను. ఎవరు వింటారు...

డిసెంబరు 8

లచ్చక్క వచ్చింది. కిందటి నెల పోయిన పసివాడి తల్లి. బూడిద ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

ఇక్కడ మనిషి పోతే ఇంట్లో పిండి జల్లుతారు. ఏ అడుగు పడితే పోయినవాళ్లు ఆ రూపంలో వచ్చి చూసిపోయినట్టు. పసిపిల్లలకు మాత్రం ఆ దినాలుండవు.

"నా కొడుక్కు ఎవ్వలు పిండి జల్లలే చెల్లే. నువ్వు జల్లినవ్."

తర్వాత, ఆ గోళ్ల గీతలు చూపిస్తూ —

"గోర్లు తియ్యకనే పంపితి. చూడు, ఎంత పెరిగినయో."

అవి బిజ్జు గోళ్లని చెప్పలేదు. జల్లెడ తీసుకుని లేచాను.

డిసెంబరు 9

పలుగులు, గడ్డిమోపు, ఎండు మిరపకాయలతో మగవాళ్లు వచ్చారు. లచ్చక్క అడ్డం నిలబడింది.

"నా కొడుకు వచ్చిపోతుండు. ముందుగాల నాకు పెట్టుండ్రి పొగ!"

వెనక్కి పోయారు. పోశన్న మెల్లగా అన్నాడు: "నీ బిజ్జు బతికింది. గిప్పుడు నోరు తెరవకు బిడ్డా."

తెరవలేదు.

డిసెంబరు 10

సంతోషించాను. ఎక్కడో ఒకచోట అదీ రాయాలి కదా.

డిసెంబరు 12

కొడుకు బొంద మీద లచ్చక్క గిన్నెలో తేనె పెట్టింది. "వాని నోట్ల తేనె సుక్క వెయ్యనే లేదు చెల్లే..."

బిజ్జుకు తేనె కంటే ఇష్టమైనది ఏదీ లేదు. అడుగులు ఇప్పుడు చెదపుట్ట వైపు పోవడం లేదు. నేరుగా అక్కడికే.

డిసెంబరు 14

ఆ బొంద మీది రాయి ఒకటి పక్కకు దొర్లి ఉంది. మళ్లీ పైన పెట్టాను. అడుగుల లెక్కలు రాసే నోట్‌బుక్కులో ఎక్కించలేదు.

డిసెంబరు 15

ఇవాళ చెప్పేద్దామనే వెళ్లాను. వాక్యాలు కూడా కూర్చుకున్నాను — అక్కా, అది జంతువు, అక్కా, తేనె పెట్టకు...

లచ్చక్కే ఎదురొచ్చింది. మోచేతుల దాకా గీరుకుపోయి నెత్తురు. వెనకాల, కొడుకు బొంద మీది రేగుకంప మొత్తం పీకి అవతల పడేసి ఉంది.

"కాళ్లకు గుచ్చుకుంటయని తీసేసిన. చిన్న కాళ్లు గద." నవ్వుతోంది. కలిసిన రోజు నుంచీ ఆమె నవ్వు చూడలేదు. "రేపు జర ఎక్కువ జల్లు చెల్లే. మంచిగ కనవడాలె."

జల్లెడ నా చేతిలోనే ఉంది. ఊ అన్నానో, తల మాత్రమే ఊపానో...