కోచ్‌ని తిట్టని నలభై రోజులు

ఫిబ్రవరి 12, 1986. బుధవారం

సా. 6:00. భస్మ బుధవారం ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చాం. నుదుటి మీద బూడిద ఇంకా ఉంది. ఈస్టర్ దాకా నలభై రోజులు, ఇష్టమైనది ఏదో ఒకటి వదులుకోవాలి. ఏం వదులుకుంటున్నామో కార్డు మీద రాసి పాస్టర్ గారికి ఇవ్వాలి. నేను ఎప్పటిలాగే కాఫీ అని రాయబోతుంటే మా ఆవిడ వసంత పెన్ను లాక్కుంది.

"కాఫీ తాగండి, ఎంత కావాలంటే అంత తాగండి. ఆ కోచ్‌ని తిట్టడం మానేయండి. ఇంట్లో మా చెవులు చిల్లులు పడుతున్నాయి."

"యెస్! ప్లీజ్, డాడీ!" అంది రూతు. పదిహేనేళ్ళ పిల్ల చర్చిలో అంత గట్టిగా అరవడం నేను ఎన్నడూ వినలేదు.

సరే, రాసిచ్చాను. ఇంగ్లిష్‌లో, సంతకంతో సహా. మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ హాల్వర్సన్ గురించి ఈస్టర్ దాకా చెడ్డమాట పలకను. పాస్టర్ గారు చదివి, "నలభై రోజులూ?" అన్నారు. ఆయన కూడా మ్యాచ్‌లకు వస్తారు.

నియమాలు:
1. నోటితో అనకూడదు.
2. ఊరి పేపర్‌కి ఉత్తరాలు రాయకూడదు. (ఈ సీజన్‌లో రాసినవి పదకొండు. అచ్చయినవి రెండు.)
3. ఫోన్‌లోనూ అనకూడదు.

నిజానికి ఇది నాకే మంచిది. కాలేజీ అథ్లెటిక్ కమిటీలో ఏడుగురం. హాల్వర్సన్‌ని ఇంకో మూడేళ్ళు ఉంచాలా, పంపించాలా అని మార్చి 12న ఓటు వెయ్యాలి. మిగతా ఆరుగురూ మ్యాచ్‌లు చూడరు. కెమిస్ట్రీ ప్రొఫెసర్‌నైన నేనే ఒక్కటీ వదలకుండా చూసేది. తీర్పు చెప్పేవాడి మనసు నిర్మలంగా ఉండొద్దూ!

ఇప్పటిదాకా గెలిచినవి ఐదు, ఓడినవి పదహారు. నిర్మలంగానే రాస్తున్నాను.

ఫిబ్రవరి 13. గురువారం

ఎంత హాయిగా ఉంది! పొద్దున్న లేవగానే ఎవరి మీదా కోపం లేదు. ల్యాబ్‌లో బీకరు పగిలినా కుర్రాణ్ణి ఏమీ అనలేదు. హాల్వర్సన్ కూడా దేవుడు చేసిన మనిషే. పద్దెనిమిదేళ్ళ కిందట అమెరికా వచ్చినప్పుడే ఈ పని చేసుంటే ఈపాటికి బీపీ మాత్రలు ఉండేవి కావు.

ఫిబ్రవరి 15. శనివారం

సా. 7:30. సొంత జిమ్‌లో, అంటే మా కాలేజీ ఆటల హాల్లో, మ్యాచ్. నా సీటు, నా పాప్‌కార్న్.

7:41. హాల్వర్సన్ జోన్ వేశాడు. జోన్ అంటే ఎదుటి ఆటగాణ్ణి కాకుండా చోటుని కాపలా కాయడం. ఎదుటివాళ్ళు వచ్చి, బంతి వేసి, వెళ్ళిపోతున్నారు. మనవాళ్ళు ఎవరి చోట్లో వాళ్ళు భద్రంగా నిలబడి ఉన్నారు. చోట్లు మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఒక్క మాట అనలేదు!

8:20. మన ఆటగాడు ఓల్సన్ ఆరడుగుల తొమ్మిదంగుళాలు. బెంచీ మీద కూర్చుని తువాళ్ళు మడతపెడుతున్నాడు.

అనలేదు!

9:05. పంతొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆట ఆపి కుర్రాళ్ళకి నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఇచ్చే టైమ్‌ఔట్లు మూడు మిగిలిపోయాయి. ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకుంటాడు కాబోలు. (రాశాను గాని అనలేదు. డైరీ గురించి నియమాల్లో లేదు.)

పాప్‌కార్న్ డబ్బాలు నాలుగు. దవడ నొప్పి.

ఫిబ్రవరి 16. ఆదివారం

కుటుంబ ప్రార్థన ఈ వారం నా వంతు. శత్రువుల కోసం కూడా ప్రార్థించాలి కదా, ప్రార్థించాను.

"పరలోకమందున్న మా తండ్రీ, నీ దాసుడైన హాల్వర్సన్‌ను నీ సన్నిధికి తెచ్చుచున్నాము. ఆయన కన్నులు తెరువుము. బెంచీ మీద ఉన్న ఓల్సన్‌ను ఆయనకు కనుపరచుము. మొదటి సగములోనే జోను విడిచిపెట్టు జ్ఞానము దయచేయుము. నీవు అనుగ్రహించిన టైమ్‌ఔట్లను ఆయన వ్యర్థపరచకుండునట్లు..."

"ఆమెన్," అంది వసంత. నేను ఇంకా ముగించలేదు.

"ఇది ప్రార్థనా?"

"మరేమిటి? ఒక్క చెడ్డమాట ఉందా చెప్పు."

రూతు తల దిండులో దాచుకుని నవ్వుతోంది. వచ్చే వారం నుంచి ప్రార్థన వసంతే చేస్తుందట.

ఫిబ్రవరి 19. బుధవారం

బయటి ఊళ్ళో మ్యాచ్. రేడియోలో విన్నాను. ఇరవై నాలుగు పాయింట్ల తేడాతో ఓటమి.

నేపర్‌విల్ నుంచి దక్షిణామూర్తి ఫోన్ చేశాడు. గుండె డాక్టరు. గుంటూరులో చదువుకున్నప్పటి నుంచి స్నేహితుడు. నా ప్రమాణం సంగతి చెప్పాను. "నువ్వేం అనొద్దులే, నేనే అడుగుతా. ఊఁ అను చాలు," అన్నాడు.

"మళ్ళీ జోనేనా?"

"ఊఁ."

"ఆ పొడుగాటివాణ్ణి దింపాడా?"

"ఊహూఁ."

"మనిషికి బుర్ర ఉందంటావా?"

జవాబు ఇవ్వలేదు. ఇవ్వకపోవడం చెడ్డమాట కాదు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక ఆకలి వేసింది, వారంలో మొదటిసారి.

ఫిబ్రవరి 22. శనివారం

మ. 3:00. గొప్ప ఆలోచన! ప్రమాణం ఇంగ్లిష్‌లో రాశాను. కాబట్టి అది ఇంగ్లిష్‌కే వర్తిస్తుంది. ఈ జిమ్‌లో తెలుగు వచ్చినవాడు నేనొక్కణ్ణే. వసంత, రూతు ఎలాగూ రారు. నాలుగేళ్ళుగా అక్కడ తెలుగులోనే కదా అరుస్తున్నాను, ఒక్కడికైనా ఒక్క ముక్క అర్థమైందా?

సా. 7:50. "ఓరి నీ మొహం మండా! ఓల్సన్‌ని దింపరా!" అబ్బ! పది రోజులుగా గొంతులో అడ్డుపడ్డది బయటికొచ్చింది.

8:15. "దద్దమ్మా! దద్దమ్మా!" అని లేచి నిలబడి అరిచాను. పక్కన స్టూడెంట్ల గుంపు. అది మన టీమ్‌ని ఉత్సాహపరచడమనుకున్నారు. వాళ్ళూ అందుకున్నారు. బ్యాండువాళ్ళు డ్రమ్ కలిపారు. ద-ద్ద-మ్మా! ఢం ఢం! నాలుగు వందల మంది. హాల్వర్సన్ మా వైపు తిరిగి, కళ్ళు చెమర్చి, పిడికిలి పైకెత్తి ఊపాడు.

నా జీవితంలో ఇంత సంతోషం ఎరగను.

8:17. వెనక సీట్లో ఒక తెల్లజుట్టు అమెరికన్ ముసలావిడ. ఈ సీజన్ మొదటినుంచీ అక్కడే కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటోంది, ఎప్పుడైనా పిప్పరమెంటు ఇస్తుంది. అల్లిక సూదితో నా భుజం మీద తట్టింది.

"దైవాశీర్వాదం గారూ, ఆ దద్దమ్మ మా వాడేనండీ."

రేపల్లె తెలుగు. ఒక్క అక్షరం తేడా లేదు.

8:18. కారులో ఉన్నాను. కోటు జిమ్‌లోనే ఉండిపోయింది. బయట నీళ్ళు గడ్డకట్టే చలి.

ఫిబ్రవరి 23. ఆదివారం

జ్వరమని చెప్పి చర్చికి వెళ్ళలేదు. వసంతకి అసలు సంగతి చెప్పాను. గంటసేపు నవ్వింది. తర్వాత గంటసేపు తిట్టింది. ఆమె ఏ ప్రమాణం చెయ్యలేదు కాబట్టి తిట్టొచ్చు.

ఫిబ్రవరి 25. మంగళవారం

సా. 4:30. కాలింగ్ బెల్. ఆవిడే, నా కోటు పట్టుకుని! సింక్ కింద దూరదామంటే పట్టను.

పేరు మార్తా హాల్వర్సన్. రేపల్లె మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసింది. అక్కడ అందరికీ మార్తమ్మ గారు. భర్త పోయాక కిందటేడు ఇక్కడికి, కొడుకు దగ్గరికి వచ్చేసింది.

"క్షమించండి అమ్మగారూ, నేను..."

"ఎందుకు నాయనా? టికెట్ల గదిలో అడిగి మరీ నీ వెనక సీటు తీసుకున్నా, తెలుగు వినబడుతుందని. ఈ ఊళ్ళో నాకు నువ్వే రేడియోవి. మొన్న పలకరించేసి తప్పు చేశా. ఇక నోరు విప్పవేమో."

వసంత ఉప్మా పెట్టింది. మార్తమ్మ గారు చేత్తో తిన్నది.

"వాణ్ణి ఆరో ఏట కొడైకెనాల్ బోర్డింగ్‌లో వేశాం. ఏడాదికి మూణ్ణెల్లే మా దగ్గర. స్కూల్ టీమ్‌లో బాగా ఆడేవాడంట. ఒక్క ఆటా నేను చూళ్ళేదు. రేపల్లెలో పురుళ్ళు, జ్వరాలు. ఊళ్ళోవాళ్ళ పిల్లల్నందర్నీ ఎత్తుకున్నాను, నా పిల్లాణ్ణి తప్ప." ప్లేటు పక్కన పెట్టి అడిగింది. "నిజం చెప్పు. వాడు అంత పనికిరాడా?"

"మంచి మనిషండీ."

"నేనడిగింది అది కాదు. ఇంగ్లిష్‌లో అందరూ ఆ మాటే చెబుతారు. నువ్వొక్కడివే అసలు సంగతి అరిచేది."

ప్రమాణం గురించి చెప్పి తప్పించుకున్నాను. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"కమిటీలో నువ్వున్నావంటగా. జిమ్‌లో ఎట్లా మాట్లాడతావో ఆ గదిలోనూ అట్లాగే మాట్లాడు నాయనా."

పైకి అలా అంటుంది గాని, తల్లి మనసు నాకు తెలీదా! కొడుకు ఉద్యోగం కాపాడమని నోరు తెరిచి అడగలేక అలా అన్నది. పాపం.

మార్చి 1. శనివారం

ఆఖరి మ్యాచ్. ఈసారి మార్తమ్మ గారు నా పక్క సీట్లో కూర్చుంది.

7:45. ఒక్క మాట అనకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాను.

7:52. "చూశావా, చూశావా! మళ్ళీ ఆ జోనే! వీడి బుర్రలో పేడుందా?" అన్నది నేను కాదు. ఆవిడ.

7:53. ఊరుకోవడం మర్యాద కాదని "అదేనండీ," అన్నాను. తర్వాత ఇద్దరం ఆగలేదు. ఆవిడ తిట్లు కొన్ని నాకే తెలీవు. రేపల్లె ఆసుపత్రిలో మందు మింగని రోగుల కోసం నేర్చుకున్నవట. ప్రమాణం అక్కడే, మూడో వరుసలో, చచ్చిపోయింది. కారణం: మాతృమూర్తి ప్రోత్సాహం.

కోచ్ కూతుళ్ళిద్దరూ ఆవిడ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నారు. చిన్నదానికి ఏడేళ్ళు. ఆట అయిపోయాక "డాడీ!" అని చెయ్యి ఊపింది. ఆయన తల వంచుకుని లాకర్ రూమ్‌లోకి వెళ్ళిపోయాడు.

ముప్ఫై ఒక్క పాయింట్ల తేడా. సీజన్ లెక్క: ఐదు గెలుపులు, ఇరవై ఓటములు.

మార్చి 12. బుధవారం

సాధించాను!

మ. 2:00. కమిటీ గది. ముగ్గురు ఉంచాలన్నారు. ఇద్దరు పంపాలన్నారు. తేల్చుకోనివాడు ఒకడు, తర్వాత నేను. చైర్మన్ నా వైపు తిరిగాడు. "డాక్టర్ డి, అన్ని మ్యాచ్‌లూ చూసేది మీరే. మీరు చెప్పండి," అన్నాడు.

నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. జేబులో మూడు పేజీలున్నాయి. జోన్, ఓల్సన్, టైమ్‌ఔట్లు, తేదీలతో సహా. చెయ్యి జేబు దాకా వెళ్ళింది.

అప్పుడు గుర్తొచ్చింది ప్రమాణం. ఆ ముసలి తల్లి కూడా గుర్తొచ్చింది. "నిజాయితీ గల మనిషి. కష్టపడతాడు," అన్నాను. అంతే! తేల్చుకోనివాడు నా మాట మీద తేల్చుకున్నాడు. ఐదు రెండు. మూడేళ్ళ కాంట్రాక్ట్.

ఇంట్లో, జిమ్‌లో, ఫోన్‌లో, చివరికి ప్రార్థనలో కూడా తప్పిన ప్రమాణాన్ని, ఉండాల్సిన చోట నిలబెట్టుకున్నాను. వసంతకి చెబితే వింతగా చూసింది. "అడిగితే చెప్పడం తిట్టడం ఎట్లా అవుతుందండీ?" అంది. ఆమెకి ఇవి అర్థం కావు.

మార్చి 13. గురువారం

సా. 5:00. శుభవార్త నేనే స్వయంగా చెప్పాలని మార్తమ్మ గారింటికి వెళ్ళాను. కోచ్ లేడు, కాలేజీలో పార్టీ అట. పిల్లలిద్దరూ వంటగదిలో హోంవర్క్ చేసుకుంటున్నారు. అంతా వివరంగా చెప్పి, ఆవిడ నా చేతులు పట్టుకుంటుందని చూశాను.

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఎంత పని చేశావయ్యా."

"అదేంటమ్మా?"

"నవంబర్ నుంచి మార్చి దాకా వాడి కాపురం బస్సులోనే. ఎండాకాలం వస్తే టీమ్‌కి కొత్త కుర్రాళ్ళని వెతుక్కుంటా ఊళ్ళ మీద. వీళ్ళిద్దరూ తండ్రిని చూడాలంటే జిమ్‌కి రావాలి. హైస్కూల్లో లెక్కల టీచర్ పని ఇస్తామన్నారు వాడికి. నాలుగింటికల్లా ఇంట్లో ఉండేవాడు. ఇక్కడ తీసేస్తే గాని వాడంతట వాడు వదలడు. నువ్వున్నావుగా, నిజం చెబుతావని నిబ్బరంగా ఉన్నా."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"నా కొడుకు ఉద్యోగం తీసెయ్యమని నా నోటితో ఎట్లా అడగను? నేను వాడికి చేసిందే వాడు వీళ్ళకి చేస్తున్నాడు నాయనా. అది కళ్ళారా చూడ్డానికేనా నేను ఇంత దూరం వచ్చింది?"

కేకలు వేసినా బాగుండేది. వెయ్యలేదు. కాఫీ ఇచ్చింది. తాగలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఊరంతా వినేలా అరిచినవాణ్ణి, కుర్చీ వేసి అడిగిన చోట నోరు మూసుకున్నాను. పైగా దాన్ని భక్తి అనుకున్నాను.

మార్చి 31. సోమవారం

పొ. 7:00. నిన్నటితో ఈ నలభై రోజుల లెంట్ అయిపోయింది. ఇక తిట్టొచ్చు. షేవింగ్ అద్దం ముందు ప్రయత్నించాను. మాట రాలేదు.

నిన్న ఈస్టర్ ఆరాధనకి మార్తమ్మ గారు మనవరాళ్ళని తీసుకుని మా చర్చికి వచ్చింది. ఇద్దరికీ ఒకే రకం పసుప్పచ్చ గౌన్లు. కోచ్ రాలేదు. టీమ్‌లోకి ఎవరో కొత్త ఆటగాణ్ణి చూసుకోడానికి పండగ పూట అయోవా రాష్ట్రం వెళ్ళాడట. పాస్టర్ గారు నన్ను పిల్లలకి చూపించి, "మీ డాడీకి సాయం చేసిన అంకుల్ ఈయనే," అన్నారు. చిన్నది నన్ను తేరిపార చూసింది. థాంక్యూ చెప్పలేదు.

కొత్త ప్రమాణం. ఈసారి తెలుగులో రాస్తున్నాను, సందు దొరక్కుండా. జిమ్‌లో, ఇంట్లో, ఫోన్‌లో, ప్రార్థనలో హాల్వర్సన్‌ని ఒక్క మాట అనను. 1989 మార్చిలో కమిటీ అడిగినప్పుడు ఒక్క మాట దాచను.

ఈ రోజు ఒకటో రోజు.

సా. 5:20. పేపర్ వచ్చింది. అయోవా కుర్రాడు మన కాలేజీకే వస్తున్నాడట. ఫోటో కూడా వేశారు. ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు.

రేపు ఒకటో రోజు.